రెట్రోఫిట్ సీఎన్‌సీ మిల్లింగ్ యంత్రాల్లో విద్యుత్ నాయిజ్

పాత మిల్లింగ్ యంత్రం ఇనుప దేహాన్ని అలాగే ఉంచి, చేతి చక్రాల స్థానంలో మోటార్లు, వాటిని నడిపే డ్రైవ్‌లు, ఒక కంప్యూటర్ కంట్రోలర్ అమర్చడాన్ని వర్క్‌షాపుల్లో రెట్రోఫిట్ అంటారు. ఇలా మార్చిన యంత్రంలో ఒక్కోసారి కంట్రోలర్ పంపని పల్సు డ్రైవ్‌కు చేరుతుంది. అక్షం హద్దు చేరిందని చెప్పే లిమిట్ స్విచ్‌ను ఏదీ తాకకపోయినా తాకినట్టు తెరమీద కనబడి యంత్రం ఆగిపోతుంది. పవర్ వైర్లలో జరిగే వేగమైన మార్పులు సంకేతాల వైర్లలోకి చొరబడటమే దీనికి తరచుగా కారణం. దీన్నే విద్యుత్ నాయిజ్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చే సీఎన్‌సీలో ప్యానెల్, కేబుళ్ళు, మోటార్లు ఒకదానికొకటి సరిపడేలా రూపొంది, పరీక్షకు నిలిచాకే బయటికి వస్తాయి. రెట్రోఫిట్‌లో డ్రైవ్ ఒక కంపెనీది, కేబుల్ బజారులో దొరికింది, కాంటాక్టర్లు పాతికేళ్ళ నాటివి, ప్యానెల్ పెట్టె రంగు పూసిన బీరువా. అందుకే ఈ బాధ ఇక్కడ ఎక్కువ.

సంఖ్యలతో నడిచే మిల్లింగ్ చరిత్ర మొదలైందే రెట్రోఫిట్‌తో. యంత్రాన్ని సంఖ్యలతో నడపాలన్న జాన్ పార్సన్స్ ఆలోచనను ఆధారం చేసుకుని, 1949లో అమెరికా వైమానిక దళం ఇచ్చిన కాంట్రాక్టు కింద, ఎంఐటీలోని సర్వోమెకానిజమ్స్ లేబొరేటరీ ఒక సిన్సినాటి హైడ్రోటెల్ మిల్లింగ్ యంత్రాన్ని మార్చి 1952లో ప్రదర్శించింది. దాని కంట్రోల్ నిండా వాక్యూమ్ ట్యూబులు, రిలేలు. తెలుగు నేలమీద యంత్రపు పనిముట్ల పరిశ్రమ అంతకుముందే, 1943లో, సికింద్రాబాదు ప్రాగా టూల్స్‌తో మొదలైంది. తర్వాత హైదరాబాద్‌లో హెచ్‌ఎంటీ యూనిట్, 1968లో బాలానగర్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ వచ్చాయి. ఆ తరం పోత ఇనుము ఇప్పటికీ గట్టిది. హెచ్‌ఎంటీ ఎఫ్‌ఎన్-2 వంటి మిల్లింగ్ యంత్రం బెడ్‌ను స్క్రేపింగ్ చేయించి, బాల్‌స్క్రూలు వేయిస్తే ఇంకో తరం పనిచేస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన నంద్యాల జిల్లాలో వెలుగోడు, ఆళ్ళగడ్డ వంటి ఊళ్ళలో లేత్ షాపులకు పని వచ్చేది ట్రాక్టర్లు, రైస్ మిల్లులు, బోరు మోటార్ల మరమ్మతుల నుంచే. అలాంటి చోట కొత్త యంత్రం కొనడం కంటే ఉన్న ఇనుముకు కంట్రోలర్ పెట్టించడమే అందుబాటు మార్గం. శిల్పకళకు పేరుపడ్డ ఆళ్ళగడ్డలో గానీ మరెక్కడైనా గానీ రాయి, చెక్క చెక్కే రౌటర్లు బిగిస్తే వాటికీ ఇక్కడ చెప్పేదంతా వర్తిస్తుంది.

నాయిజ్ పుట్టే చోట్లు

రెట్రోఫిట్ యంత్రంలో పెద్ద దోషి వీఎఫ్‌డీ, అంటే స్పిండిల్ మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్. అది 415 వోల్టుల త్రీఫేజ్ కరెంటును డీసీగా మార్చి, లోపల సుమారు 580 వోల్టులు నిలవ ఉంచుతుంది. ఆ వోల్టేజీని ఐజీబీటీ స్విచ్‌లతో సెకనుకు రెండు వేల నుంచి పదహారు వేల సార్ల దాకా తెంచి, అతికి మోటారుకు పంపుతుంది. ఒక్కొక్క మార్పుకు పట్టే కాలం సెకనులో కోటో వంతు స్థాయిలో ఉంటుంది. మోటారు కేబుల్ పక్కనే ఒక సంకేతపు వైరు సాగితే, ఆ రెంటి మధ్య తెలియకుండానే ఒక చిన్న కెపాసిటర్ ఏర్పడుతుంది. అది 50 పీకోఫారడ్లే అనుకుందాం. 580 వోల్టులు 100 నానోసెకన్లలో లేస్తే దాని గుండా పారే కరెంటు సుమారు 0.3 ఆంపియర్లు. పది మిల్లీఆంపియర్లతో వెలిగే ఆప్టోకప్లర్‌కు అది చాలా ఎక్కువ.

ఇందులో గట్టిగా పట్టుకోవలసిన సూత్రం ఒకటుంది. కరెంటు ఎక్కడ పుట్టిందో అక్కడికే తిరిగి చేరుతుంది. వీఎఫ్‌డీలో బయలుదేరిన ఈ వేగపు కరెంటు మోటారు బాడీలోకి, అక్కడి నుంచి యంత్రం బెడ్‌లోకి దిగి, తిరిగి వీఎఫ్‌డీకి పోయే దారి వెతుక్కుంటుంది. మడిగట్టు ఎక్కడ పలచబడితే నీరు అక్కడ తెంచుకున్నట్టు, తక్కువ అడ్డంకి ఉన్న దారి ఏది దొరికితే అటు మళ్ళుతుంది. మనం దగ్గరి దారి ఇవ్వకపోతే ఆ దారి ఎన్‌కోడర్ కేబుల్ షీల్డ్ కావచ్చు, లిమిట్ స్విచ్ కామన్ వైరు కావచ్చు, కంప్యూటర్ యూఎస్‌బీ కేబుల్ కావచ్చు. నాయిజ్ సరిచేయడమంటే చాలావరకు ఈ తిరుగుదారిని చిన్నదిగా, మన అదుపులో ఉండేలా చేయడమే. హెన్రీ ఓట్ 1976లో ప్రచురించిన నాయిజ్ తగ్గింపు పుస్తకం ఇంజనీర్ల తరాలకు నేర్పిన పాఠాల్లో ఇది ముఖ్యమైనది.

వైరు కూడా ఊరికే ఉండదు. ఒక మీటరు వైరుకు సుమారు ఒక మైక్రోహెన్రీ ఇండక్టెన్స్ ఉంటుంది. దానిలో ఒక ఆంపియరు 100 నానోసెకన్లలో మారితే రెండు కొసల మధ్య 10 వోల్టులు పుడతాయి. ఐదు వోల్టుల సంకేతాలు వాడే బోర్డుకు ఆ వైరే ‘గ్రౌండ్’ అయితే, బోర్డు దృష్టిలో సున్నా అన్నదే పది వోల్టులు ఎగిరిపడుతుంది. మల్టీమీటరుతో చూస్తే అదే వైరు సున్నా ఓమ్‌లు చూపిస్తుంది. చాలామంది ఎలక్ట్రీషియన్లు ‘కంటిన్యుటీ బాగుంది కదా’ అని తికమకపడేది ఇక్కడే.

మిగతా వనరుల్లో కాంటాక్టర్ల, కూలెంట్ సోలెనాయిడ్ల కాయిల్స్ ముఖ్యం. కరెంటు తెగినప్పుడు వాటిలో దాగిన శక్తి వందల వోల్టుల ముల్లులా లేస్తుంది. స్టెప్పర్ డ్రైవ్‌లు, చౌక ఎస్‌ఎంపీఎస్‌లు, పక్క గదిలో వెల్డింగ్ సెట్ కూడా తమ వంతు కలుపుతాయి.

లొంగిపోయే సంకేతాలు

అన్నిటికంటే బలహీనమైనవి ఐదు వోల్టుల స్టెప్, డైరెక్షన్ పల్సులు. టీటీఎల్ లెక్కలో 0.8 వోల్టుల లోపు సున్నా, 2 వోల్టులు దాటితే ఒకటి. ఆ మధ్య ఉన్న సందు చాలా సన్నం. వీఎఫ్‌డీకి స్పిండిల్ వేగం చెప్పే 0 నుంచి 10 వోల్టుల అనలాగ్ సంకేతం కూడా అలాంటిదే. పది వోల్టులకు 3000 చుట్లు అనుకుంటే 10 మిల్లీవోల్టుల నాయిజ్‌కే వేగం మూడు చుట్లు కదులుతుంది. అది పెద్ద నష్టం కాదు. అదే అనలాగ్ సంకేతం పాత సర్వో డ్రైవ్‌కు వేగపు ఆజ్ఞ అయితే, ఆగి ఉండాల్సిన అక్షం వణుకుతుంది. ఎన్‌కోడర్ సంకేతాలు సాధారణంగా ఆర్‌ఎస్-422 పద్ధతిలో రెండేసి వైర్లమీద ఒకదానికొకటి వ్యతిరేకంగా వస్తాయి. రెండింటిమీదా సమానంగా పడిన నాయిజ్‌ను అందుకునే చిప్ తీసివేతలో పోగొడుతుంది. ఈ గుణం నిలవాలంటే ఆ రెండు వైర్లూ మెలికపెట్టి ఒకే జతగా సాగాలి. ఒక జతలోంచి ఒక వైరు, ఇంకో జతలోంచి ఇంకో వైరు తీసుకుని కలిపిన ప్యానెళ్ళు కొల్లలు. రంగులు చూసి కలుపుతారు గానీ మెలిక చూడరు.

నాయిజ్ కానివి

జాబ్ కొలత తప్పిందంటే వెంటనే నాయిజ్ అనేస్తారు. అది తొందరపాటు. బ్యాక్‌లాష్ వల్ల తేడా వస్తుంది గానీ పోగుపడదు. ఎన్నిసార్లు వెనక్కీ ముందుకీ తిప్పినా అంతే ఉంటుంది. కప్లింగ్ గ్రబ్ స్క్రూ వదులైతే తేడా పోగుపడుతుంది. వేగం, లోతు పెరిగి స్టెప్పర్ మోటారుకు బలం చాలకపోతే ఒకేసారి పెద్ద జారుడు వస్తుంది. అది సాధారణంగా కోతలోనే కనిపిస్తుంది.

ఇంకొకటి ఉంది. రెట్రోఫిట్‌లో తరచుగా ఎదురయ్యేది, నాయిజ్ అని పేరుపడి ఎన్నో కంట్రోలర్ బోర్డులను మార్పించేది అదే. డ్రైవ్ స్టెప్ పల్సు లేచే అంచును లెక్కపెట్టాల్సి ఉండగా, సాఫ్ట్‌వేర్‌లో పోలారిటీ తలకిందులైతే, దిశ మారిన ప్రతిసారీ ఒక పల్సు తప్పుడు వైపు పోయే అవకాశం ఉంటుంది. ఐదు మిల్లీమీటర్ల పిచ్ స్క్రూకు చుట్టుకు 2000 పల్సులైతే ఒక పల్సు 2.5 మైక్రాన్లు. వంద ముందుకు-వెనక్కి కదలికలు పూర్తయ్యేసరికి పావు మిల్లీమీటరు జరిగిపోతుంది. మళ్ళీ వంద చేస్తే మళ్ళీ సరిగ్గా పావు. తప్పు ఇంత కచ్చితంగా లెక్కకు అందితే అది నాయిజ్ కానట్టే. నాయిజ్ తప్పులకు లెక్క కుదరదు, ఈ రోజు వచ్చింది రేపు రాకపోవచ్చు. పోలారిటీ మార్చడం రెండు నిమిషాల పని. కంట్రోలర్ మార్చే ముందు ఇది చూడాలి.

నిర్ధారణ

ముందుగా డయల్ గేజ్. స్పిండిల్ ఆపి, ఒక అక్షాన్ని వంద సార్లు ముందుకూ వెనక్కీ పంపి సున్నాకు తెచ్చి గేజ్ చూడాలి. తర్వాత స్పిండిల్ తిప్పుతూ, కోత లేకుండా గాలిలో అదే ప్రోగ్రాం. ఆపైన కోతతో. మొదటి దశలోనే తేడా వస్తే సెట్టింగులో, మెకానికల్ భాగాల్లో వెతకాలి. స్పిండిల్ తిరగగానే, కోత లేకుండానే తప్పులు మొదలైతే అది నాయిజ్. కోతలో మాత్రమే వస్తే బలం, బిగింపు చూడాలి. సగం గొడవ ఈ మూడు పరుగులతోనే తేలిపోతుంది.

లిమిట్ స్విచ్ దొంగ ట్రిప్‌లకు మరో పరీక్ష ఉంది. మామూలుగా మూసి ఉండే స్విచ్ అయితే, దాని దాకా పోయే కేబుల్ తీసేసి, కంట్రోలర్ టెర్మినల్ దగ్గరే చిన్న వైరు ముక్కతో ఆ ఇన్‌పుట్‌ను షార్ట్ చేయాలి. ట్రిప్ ఆగిపోతే నాయిజ్ కేబుల్ గుండా వస్తోంది. ఆగకపోతే కంట్రోలర్ పవర్ సప్లయ్‌లోనో గ్రౌండ్‌లోనో ఉంది. ఈ పరీక్ష జరుగుతున్నంతసేపు ఆ అక్షానికి లిమిట్ కాపలా ఉండదు కనుక ఆ అక్షాన్ని కదపకుండానే చేయాలి. వీఎఫ్‌డీ విషయంలోనూ ఇలాగే సగం సగం చేసి చూడొచ్చు. మెయిన్ ఆపి, లోపలి కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, మోటారు కేబుల్‌ను వీఎఫ్‌డీ దగ్గర విప్పి, ఖాళీగా నడపాలి. నాయిజ్ మాయమైతే దారి మోటారు కేబులే. కొన్ని వీఎఫ్‌డీలు మోటారు లేదని తామే ట్రిప్ అవుతాయి. అప్పుడు స్విచింగ్ వేగాన్ని 16 కిలోహెర్ట్జ్ నుంచి 4కు దించి తప్పులు తగ్గుతాయేమో చూడటం మరో మార్గం. మోటారు కీచుమంటుంది. కీచు వినడానికి బాగోకపోయినా యంత్రానికి మేలే, స్విచింగ్ అంచులు తగ్గితే నాయిజ్, లీకేజి రెండూ తగ్గుతాయి.

ఓసిల్లోస్కోప్ ఉంటే మంచిదే, కానీ అది అబద్ధమూ చెబుతుంది. ప్రోబ్‌కు ఉండే పొడవాటి గ్రౌండ్ క్లిప్ తానే ఒక యాంటెన్నా. ముందు ప్రోబ్ మొననూ క్లిప్పునూ ఒకే గ్రౌండ్ స్క్రూకు తగిలించి చూడాలి. అప్పుడు తెరమీద కనిపించేదంతా కొలత తప్పే, దాన్ని మనసులో తీసేసుకోవాలి. స్కోప్ క్లిప్ మెయిన్స్ ఎర్త్‌కు కలిసి ఉంటుంది కనుక దాన్ని వీఎఫ్‌డీ డీసీ బస్‌కో అవుట్‌పుట్‌కో తగిలిస్తే పరికరంతో పాటు ప్రాణమూ పోవచ్చు. స్కోప్ లేని షాపుకు మీడియం వేవ్ రేడియో చాలు. స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి కేబుళ్ళ వెంట నడిపితే, ఎక్కడ బరబర పెరుగుతుందో అక్కడ నాయిజ్ బయటికి చిమ్ముతోంది. కడప ఆకాశవాణి వినడానికి కొన్న పాత ట్రాన్సిస్టర్‌కు ఇప్పటికీ ఈ ఒక్క ఉద్యోగం ఉంది. మల్టీమీటరు నానోసెకన్ల ముల్లును చూడలేదు. దాన్ని ఎర్త్ కలయికల నిరోధం కొలవడానికి వాడుకోవాలి.

నివారణ

పని మోటారు కేబుల్ నుంచి మొదలుపెట్టాలి. నాయిజ్‌ను పుట్టినచోట కట్టడి చేయడం, అది చొరబడిన పది చోట్ల ఫిల్టర్లు పెట్టడం కంటే చౌక. స్పిండిల్‌కు మూడు ఫేజులూ ఎర్త్ వైరూ కలిసిన షీల్డ్ కేబుల్ వేసి, ఆ షీల్డ్‌ను రెండు కొసల దగ్గరా చుట్టూరా లోహపు క్లాంప్‌తో బిగించాలి. ఒక వైపు వీఎఫ్‌డీ మౌంటింగ్ ప్లేటు, మరో వైపు మోటారు బాడీ. షీల్డ్‌ను పిలకలా మెలిపెట్టి ఒక స్క్రూకు కట్టడం సర్వసాధారణం. ఐదు సెంటీమీటర్ల పిలకకూ ఇండక్టెన్స్ ఉంటుంది కనుక ఎంత ఖరీదైన కేబుల్ అయినా దానితో సగం వృథా. జిల్లా పట్టణాల బజారులో షీల్డ్ ఉన్న పవర్ కేబుల్ దొరక్కపోతే నాలుగు కోర్ల మామూలు కేబుల్‌ను జీఐ పైపులో పోనిచ్చి, పైపును రెండు కొసలా బాడీకి కలిపితే చాలావరకు పని జరుగుతుంది.

తర్వాత దూరం. పవర్, సంకేత కేబుళ్ళ మధ్య కనీసం 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎడం ఉంచాలి. దాటక తప్పనిచోట అడ్డంగా, లంబకోణంలో దాటించాలి. అన్నిటినీ కలిపి ఒకే డ్రాగ్ చైన్‌లో కుక్కి, పైన టైలతో చక్కగా కట్టిన వైరింగ్ చూడముచ్చటగా ఉంటుంది గానీ నాయిజ్‌కు అంతకంటే అనువైన ఏర్పాటు లేదు.

ఫెర్రైట్ రింగుల మీద నమ్మకం ఎక్కువ. 1930లో టోక్యోలో యోగోరో కాటో, తాకేషి తాకేయి కనిపెట్టిన ఈ పదార్థం ఇవాళ ఎన్నో చార్జర్ల తీగల మీద కనిపిస్తుంది. వీఎఫ్‌డీ అవుట్‌పుట్‌లో మూడు ఫేజులనూ కలిపి రింగు గుండా పంపాలి, ఎర్త్ వైరు బయటే ఉండాలి. ఒక్కొక్క ఫేజుకు ఒక్కొక్క రింగు తొడిగితే మోటారు కరెంటుతోనే అది నిండిపోయి పనికిరాదు. రింగు వేడెక్కుతుంటే చిన్నదన్నమాట. కాంటాక్టర్ ఏసీ కాయిల్స్‌కు అడ్డంగా 0.1 మైక్రోఫారడ్, 100 ఓమ్‌ల స్నబ్బర్లు, డీసీ రిలేలకు తిరగేసిన 1ఎన్4007 డయోడ్ పెడితే ఆ ముళ్ళు పుట్టినచోటే అణిగిపోతాయి. రూపాయల్లో అయ్యే ఈ పని మరిచిపోయి వేల రూపాయల బోర్డులు మార్చిన షాపులున్నాయి.

సంకేతాల వైపు, లిమిట్ స్విచ్‌లను ఐదు వోల్టుల నుంచి 24 వోల్టులకు మార్చడం, మామూలుగా మూసి ఉండే కాంటాక్టులు వాడటం మంచిది. వైరు తెగినా యంత్రం ఆగుతుంది. స్టెప్, డైరెక్షన్ సంకేతాలను జతల మీద డిఫరెన్షియల్‌గా పంపే బోర్డు దొరికితే అదే వేయించాలి. కంప్యూటర్‌తో కలిపేది యూఎస్‌బీ అయితే, గ్రౌండ్ లూప్ దానిగుండా పోయి మధ్యలో కనెక్షన్ తెగుతుంటుంది. ఈథర్నెట్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది కనుక ఆ గొడవ చాలావరకు తగ్గుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో డీబౌన్స్ సమయం, అంటే ఇన్‌పుట్ మారాక దాన్ని నమ్మే ముందు ఆగే సమయం, పెంచడం అందరికీ ముందు తోచే మందు. లినక్స్‌సీఎన్‌సీలోనూ ఇతర కంట్రోలర్లలోనూ ఈ వీలుంది. కానీ నిమిషానికి 600 మిల్లీమీటర్ల వేగంతో టచ్ ప్రోబ్‌తో జాబ్ అంచు వెతుకుతుంటే, 10 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే 0.1 మిల్లీమీటరు దాటిపోవడం. ఎమర్జెన్సీ స్టాప్‌ను ఈ ఫిల్టర్లకు అప్పగించకూడదు. అది నేరుగా కాంటాక్టర్‌ను తెంచాలి.

ఎర్త్ గుంతలు, ఎండ, దుమ్ము

నాయిజ్ అనగానే బొగ్గు, ఉప్పు వేసి కొత్త ఎర్త్ గుంత తవ్వించడం మన ప్రాంతంలో అలవాటు. కొందరు కంట్రోలర్‌కు ‘శుభ్రమైన ఎర్త్’ పేరుతో వేరే గుంత కూడా పెట్టిస్తారు. పది మీటర్ల ఎర్త్ వైరుకు సుమారు 10 మైక్రోహెన్రీల ఇండక్టెన్స్ ఉంటుంది. ఒక మెగాహెర్ట్జ్ దగ్గర దాని అడ్డంకి 63 ఓమ్‌లు. 50 హెర్ట్జ్ దగ్గర అదే ఓమ్‌లో వెయ్యో వంతుల్లో. అంటే గుంత మనిషి ప్రాణానికీ, పిడుగుకూ, ఫ్యూజు పోవడానికీ పనికొస్తుంది. ఆ పనికి అది తప్పనిసరి, ఐఎస్ 3043 ప్రమాణం చెప్పేదీ దాని గురించే. వీఎఫ్‌డీ నాయిజ్ మాత్రం గుంత దాకా పోదు. అది పోవాల్సింది తిరిగి వీఎఫ్‌డీకి, మట్టిలోకి కాదు. విడిగా పెట్టిన రెండో గుంత ప్రమాదం కూడా. పిడుగు దగ్గర్లో పడితే రెండు గుంతల మధ్య వేల వోల్టుల తేడా వచ్చి, అది సంకేత కేబుల్ మీద పడుతుంది. గుంతలు ఎన్ని ఉన్నా ఒకదానికొకటి కలిపే ఉండాలి. నల్లరేగడి నేల ఎండాకాలం నెర్రెలిచ్చి గుంత నిరోధం పెరుగుతుంది కనుక నీళ్ళు పోయడం మానకూడదు.

ఆ శ్రమ ప్యానెల్ లోపల పెడితే ఫలితం ఎక్కువ. వీఎఫ్‌డీ, ఫిల్టర్, డ్రైవ్‌లు కూర్చునే చోట రంగు గీకి, లోహం లోహాన్ని తాకేలా బిగించాలి. జింకు పూత ప్లేటైతే ఇంకా మేలు. తలుపును సన్నని పచ్చ వైరుతో కాక, వెడల్పాటి జడ పట్టీతో కలపాలి.

నంద్యాల ఎండలు పేరుపడ్డవి. మే నెలలో డ్రైవ్ వేడికి ట్రిప్ అవుతుంటే ప్యానెల్ తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెడతారు. దానితో నాయిజ్‌ను ఆపే లోహపు గోడ ఒకటి పోతుంది, దుమ్ము లోపలికి వస్తుంది. రాయి కోసే చోట నీళ్ళతో కలిసిన రాతిపొడి కనెక్టర్లలో చేరి పిన్నుల మధ్య లీకేజి తెస్తుంది. లిమిట్ స్విచ్ ఉదయం దొంగ ట్రిప్ ఇచ్చి మధ్యాహ్నానికి బాగుపడిందంటే ముందు ఆ తడిని అనుమానించాలి. తలుపు మూసి ఉంచి, ఫిల్టర్ ఉన్న ఫ్యాన్‌నో ప్యానెల్ కూలర్‌నో పెట్టడమే దారి. సాగుకాలంలో బోర్ల మోటార్లు మొదలైనప్పుడు వోల్టేజీ కుంగడం వేరే జబ్బు. దానికి సర్వో స్టెబిలైజర్, కంట్రోలర్‌కు యూపీఎస్ పనికొస్తాయి. స్టెబిలైజర్ నాయిజ్‌ను ఆపదు. నల్లమల వైపు నుంచి వచ్చే ఉరుముల వానలకు సర్జ్ ప్రొటెక్టర్ వేరుగా కావాలి.

గ్రౌండ్ లూప్ పోగొడతామని కంప్యూటర్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరిచేయడం, యంత్రం ఎర్త్ వైరు విప్పడం అక్కడక్కడా కనిపిస్తుంది. నాయిజ్ నిజంగానే తగ్గుతుంది కూడా. కానీ ఒక్క ఇన్సులేషన్ చెడితే బెడ్ మీద చేయి పెట్టినవాడికి 240 వోల్టులు తగులుతాయి. ఎర్త్ విప్పి నాయిజ్ తగ్గించిన యంత్రాన్ని బాగైనట్టు లెక్కపెట్టకూడదు, దాన్ని పనిలోంచి తప్పించి వైరింగ్ మళ్ళీ చేయించాలి.